స్నేహితులతో విశ్వాసం గురించి మాట్లాడే ముందు

హైదరాబాదు బడుల్లో ఇంట బోనం ఎత్తే కుటుంబాల పిల్లలూ, రంజాన్ మాసంలో రోజా ఉండేవారూ మీతో ఒకే బెంచీ మీద కూర్చుంటారు కనుక, యేసును గురించి చెప్పాలనుకునే ముందు వారి ఇంటి నమ్మకాన్ని గౌరవంగా వినడం అలవరచుకోండి.

అడిగినవారికి సాత్వికముతో సమాధానమివ్వాలని బైబిలులోని మొదటి పేతురు పత్రిక 3:15 బోధిస్తుంది. అందులో అడగడమన్నదే కీలకమని నా నమ్మకం. పాఠం జరిగేటప్పుడు ఈ ప్రస్తావన వద్దు, భోజన విరామం చాలు.

రాజ్యాంగంలోని 25వ అధికరణం మత ప్రచార స్వేచ్ఛను ఇచ్చినా, ఇతరులను మతం మార్చే హక్కు అందులో లేదని సుప్రీంకోర్టు 1977లో స్పష్టం చేసింది. కాబట్టి బహుమతులు ఆశ చూపడం, నరకం పేరుతో భయపెట్టడం, ఇతరుల దేవుళ్లను కించపరచడం ఎంతమాత్రం తగదు. మీ మిత్రులు మైనర్లు గనుక, తల్లిదండ్రుల అనుమతి లేకుండా వారిని చర్చికి తీసుకువెళ్లకండి, వారి సంచిలో కరపత్రాలు పెట్టకండి.

కష్టంలో ఉన్న మిత్రుని కోసం ప్రార్థించవచ్చా అని ముందుగా అడగండి. వద్దంటే అక్కడితో ఆపి, మరునాడు కూడా అదే ఆప్యాయతతో అతని పక్కన కూర్చోండి.