చెరువులో పక్షుల కొలువు – నాలుగో పాఠం: తూము ఎప్పటిదాకా తెరవచ్చు?

మీ చెరువులో ఏది ఎవరి చేతిలో ఉందో రాసుకు రమ్మని పోయిన పాఠం చివర ఇచ్చిన పని చేశారనుకుంటా. చేసి ఉంటే మీ నోటు పుస్తకంలో ఇలాంటి చిట్టా ఉండాలి: భూమి చెరువు పోరంబోకు, తూము నీటిపారుదల శాఖది, చేపల హక్కు వేలంపాట పాడుకున్నవాళ్లది, కట్ట మీది చెట్లు పంచాయతీవి, కింద కయ్యలు రైతులవి. పక్షుల సంగతి అటవీ శాఖ చూస్తుంది. ఒక్క చెరువుకు ఇంతమంది పెద్దలు. వీళ్లలో ఎవరినీ కాదని మనం ఏమీ చేయలేం. పక్షి పిల్లలు ఎగిరేదాకా గూళ్ల కింద నీళ్లు నిలిచేలా, అందరూ ఒప్పుకునే ఒక తేదీని, ఒక నీటిమట్టాన్ని తేల్చడం వరకే మన పని. ఈ పాఠమంతా దాని గురించే.

నెల్లూరు వైపు చెరువులు నిండేది ఈశాన్య రుతుపవనాలకు, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. కొంగలు, నీటికాకులు గూళ్లు కట్టేదీ ఆ నీళ్లు చూసుకునే. నేలపట్టు పక్షుల చెరువుకు వెళ్లినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. (2022లో జిల్లాలు విడదీసినప్పుడు అది తిరుపతి జిల్లాలోకి పోయింది గానీ, మా నోట ఇంకా నెల్లూరు నేలపట్టే.) 1976 నుంచి అది అభయారణ్యం. అక్కడ గూడబాతులు (పెలికాన్లు) నీళ్లలో నిలబడ్డ కడప అనే చెట్ల మీద గూళ్లు పెడతాయి. గట్టు మీద అంతకంటే పెద్ద చెట్లున్నా నీళ్లలోవే కావాలి వాటికి. చెట్టు మొదట్లో నీళ్లుంటే నక్క రాదు, జంగుపిల్లి రాదు, ఊరకుక్క అసలే రాదు. పిల్లలు ఎగరకముందే ఆ నీళ్లు ఇంకిపోతే గూడు నేలబారున పెట్టినట్టే.

ఇప్పుడు లెక్క. చిన్న తెల్లకొంగలకు గుడ్డు పెట్టిన రోజు నుంచి పిల్ల ఎగిరేదాకా సుమారు రెండు నెలలు. ఎర్రకాళ్ల కొంగకు మూడు నెలలు. గూడబాతుకు గుడ్డు పొదగడానికే ఒక నెల, ఆపైన పిల్ల గూడు వదలడానికి ఇంకో మూడు నెలలు పైనే. అంటే డిసెంబరు 20న గుడ్డు పెట్టిన తెల్లకొంగకు ఫిబ్రవరి నెలాఖరు దాకా నీళ్లుంటే చాలు. అదే రోజు గుడ్డు పెట్టిన గూడబాతుకు ఏప్రిల్ చివరిదాకా కావాలి. అందుకే ముందు మీ చెరువులో ఏ పక్షి ఉందో చూడండి. గూడబాతు రావాలని కలలు కనే ఊళ్లను చాలా చూశాను. కొంగలతో, చింతవక్కలతో, నీటికాకులతో మొదలుపెట్టిన ఊరే నిలబడుతుంది. వాటి గడువు చిన్నది, రైతుతో పేచీ తక్కువ.

రైతు వైపు లెక్క కూడా ఇంత సూటిగానే ఉంటుంది. వరి కోత మార్చి, ఏప్రిల్‌లో. చివరి తడులు ఫిబ్రవరి, మార్చిలో. ఆ నీళ్లు ఇవ్వొద్దని అడిగే హక్కు మనకు లేదు, అడగొద్దు కూడా. గొడవ కోత అయ్యాక మొదలవుతుంది. చేపల కాంట్రాక్టరు నీళ్లు తగ్గితే తేలిగ్గా వల లాగొచ్చని తూము తెరిపిస్తాడు. పైరుకు పనికిరాని నీళ్లు వాగులో కలుస్తాయి. మీరు కూర్చుని మాట్లాడాల్సింది ఈ నీళ్ల కోసమే.

మాట్లాడటానికి చేతిలో ఒక గుర్తు ఉండాలి. పొదలకూరు దాటాక ఒక చెరువు దగ్గర మేం చేసింది చెబుతాను. నీళ్లు తగ్గేకొద్దీ రోజూ పొద్దున గూళ్లున్న చెట్ల మొదళ్లు చూస్తూ వచ్చాం. ఒకరోజు ఒడ్డు వైపు చివరి చెట్టు మొదట్లో బురద తేలింది. అదే గంటలో తూము దగ్గరికి పోయి, స్తంభం మీద నీళ్లు తాకుతున్న చోటుకు జానెడు పైన ఎర్ర రంగుతో అడ్డగీత గీశాం. నీటిపారుదల శాఖ ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) గారికి ముందే చెప్పి పెట్టుకున్నాం లెండి, ప్రభుత్వ కట్టడం మీద చెప్పకుండా బొట్టు పెట్టినా తప్పే. పక్కన తేదీ రాశాం. తూము తిప్పే లస్కరు చూసి, "ఇదా అబ్బయా మీరు ఇన్నాళ్లూ అడిగేది? గీత కనపడితే ఆపేస్తా, పో" అన్నాడు. అంతకుముందు నేను ఆయనకు పక్షుల మీద అరగంట ఉపన్యాసం ఇచ్చి ఉన్నాను. దానికంటే ఆ గీతే బాగా పనిచేసింది.

మరుసటి ఏడు చేపల పాట కాగితంలో ఒక్క వాక్యం పెట్టించాం: గీత కిందికి నీళ్లు వదలాలంటే గూళ్లు ఖాళీ అయినట్టు పంచాయతీ చూసి చెప్పాలి. పాట ముందే ఈ షరతు చదివి వినిపించాలి. పాట అయ్యాక చెబితే ఎవరికైనా కడుపు మండుతుంది.

ఇంకో ఉపాయం కందకం. మే, జూన్‌లో చెరువు ఎండినప్పుడు పూడిక తీస్తారు కదా, ఆ తవ్వకాన్ని గూళ్లున్న చెట్ల గుంపు చుట్టూ వలయంలా జరపండి. కొమ్మల నీడ పడేంత మేర వదిలి, దానికి బయట తవ్వాలి. లేదంటే వేళ్లు తెగుతాయి. నీళ్లు గీత కిందికి పోయినా ఆ వలయంలో కొన్ని వారాలు నిలుస్తాయి. తీసిన మన్ను చెరువు లోపలే దిబ్బలుగా పోసి, వాటి మీద నల్లతుమ్మ, కడప మొక్కలు పెట్టండి. మొదటి రెండేళ్లు మేకల నుంచి కాపాడటానికి ముళ్లకంప తప్పదు.

చిల్లచెట్ల (సర్కారు తుమ్మ) దగ్గర మాత్రం నేను చేసిన తప్పు మీరు చేయకండి. చిల్ల పరాయి చెట్టు, నీళ్లు తాగేస్తుంది, తీసేయాలని అందరికీ తెలుసు. బొగ్గుకు మంచి ధర కూడా వస్తుంది. ఆ ధీమాతో ఒక చెరువులో, మరుసటి ఏడు చేద్దామని లస్కరు అంటున్నా వినకుండా, ఒకే వేసవిలో మొత్తం కొట్టించాను. వానలు పడ్డాయి, చెరువు నిండింది, కొంగలు వచ్చాయి. రెండు రోజులు తిరిగి చూసి వెళ్లిపోయాయి. గూడు పెట్టడానికి నీళ్లలో ఒక్క కొమ్మ లేదు. నేను నాటిన కడప మొక్కలు అప్పటికి మోకాలెత్తు. పంచాయతీలో ఒక పెద్దాయన "పక్షుల కోసం పక్షుల చెట్లే కొట్టించారా?" అన్నాడు. జవాబు లేదు నా దగ్గర.

కాబట్టి గూళ్లున్న చిల్లను ముట్టుకోవద్దు. గూళ్లు లేని, ఒడ్డు వైపు చెట్లు ముందు. మిగతావి కొత్త చెట్లు గూడు మోసేంత అయ్యాక, ఏడాదికి కొన్ని చొప్పున. ఏ పనైనా గూళ్లు ఖాళీ అయ్యాకే. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అడవి పక్షుల గుడ్లను, గూళ్లను కదిలించడం కూడా వేట కిందికే వస్తుంది. కూలీలకు ఇది ముందే చెప్పాలి. వాళ్లు తెలియక చేస్తే ఆ తప్పు మనది.

ఈ పదిహేను రోజుల పని: గూళ్లున్న చెట్లకు కట్ట మీద నుంచే అంకెలు వేసుకుని పటం గీయండి, దగ్గరికి పోవద్దు. ప్రతి ఆదివారం పొద్దున ఒకే చోట నిలబడి పక్షి కూర్చున్న గూళ్లు మాత్రమే లెక్కపెట్టండి. పక్కనే తూము స్తంభం మీద నీటిమట్టం రాయండి. లస్కరుతో ఒకసారి టీ తాగండి. పోయిన ఏడు తూము ఏ తేదీన పూర్తిగా తెరిచారో ఆయన్నే అడిగి, ఆ తేదీ మీ పటం మీద రాయండి. వచ్చే పాఠంలో ఆ పటంతో గ్రామసభకు వెళ్తాం.