బెంగళూరులో టర్బో కారు ప్రాజెక్ట్: ఆర్టీఓలో అప్లికేషన్ దేనికి పెట్టాలి, ఎలా పెట్టాలి

ఏ టర్బో (పొగ వేగంతో తిరిగి ఇంజన్ లోపలికి ఎక్కువ గాలి నెట్టే పరికరం) పెట్టాలి, ఎంత బూస్ట్ (ఆ నెట్టే గాలి ఒత్తిడి) ఇవ్వాలి అని లెక్కలు వేసుకునే ముందు ఒకసారి ఆర్సీ తీసి చూడండి. ఇక్కడ ప్రాజెక్ట్ కారు మొదలుపెట్టే మన తెలుగువాళ్ళలో చాలామంది పార్టులన్నీ కొనేశాక ఆర్టీఓ సంగతేంటని అడుగుతున్నారు, అప్పటికే డబ్బులు ఖర్చయిపోయి ఉంటాయి, ఆ మార్పుకి అప్లికేషన్ పెట్టే దారి ఉందో లేదో కూడా చూసి ఉండరు. అందుకే ముందు దేనికి అప్లికేషన్ అక్కర్లేదు, దేనికి కావాలి, దేనికి పెట్టినా పని కాదు అన్నది చెప్తాను.

1988 మోటారు వాహనాల చట్టంలో సెక్షన్ 52 అని ఉంది, మొత్తం కథ అంతా అక్కడే. కంపెనీ ఇచ్చిన వివరాలకి, ఆర్సీలో ఉన్నదానికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు అంటుంది. సీఎన్‌జీ, ఎల్‌పీజీ, బ్యాటరీ లాంటి ఫ్యూయల్ మార్చే కిట్లకి మాత్రం షరతులతో దారి ఇచ్చింది. 2019 జనవరిలో కేరళ నుంచి వెళ్ళిన ఒక కేసులో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది చట్టం మార్చి 182ఏ సెక్షన్ తెచ్చారు, పర్మిషన్ లేని ఒక్కో మార్పుకి 5000 రూపాయల ఫైన్, లేదా 6 నెలల దాకా జైలు, లేదా రెండూ. ఒక్కో మార్పుకి అన్న మాట గమనించండి, బండి మొత్తానికి కలిపి ఒక ఫైన్ కాదు.

ఇప్పుడు అసలు విషయం. మీ బండికి కంపెనీ నుంచే టర్బో వచ్చి ఉంటే, అంటే స్విఫ్ట్ డీజిల్, పోలో జీటీ టీఎస్‌ఐ, బలెనో ఆర్‌ఎస్ లాంటివైతే, అదే టర్బోని విప్పి రీబిల్డ్ చేయించుకోవడం రిపేరే, దానికి ఆర్టీఓకి వెళ్ళాల్సిన పనే లేదు. నన్నడిగితే రోడ్డు మీద తిరిగే కారుకి ఇదే మంచి దారి, ఎందుకంటే అలిసిపోయిన టర్బోతోనే బండి బద్ధకంగా ఉందని తెలియక పెద్ద టర్బో కొనేస్తున్నారు. ఇన్‌టేక్ పైపు తీసి షాఫ్ట్‌ని వేళ్ళతో పట్టుకుని చూడండి, పక్కకి కొంచెం కదిలితే భయపడక్కర్లేదు, ఆ ఖాళీలో ఆయిల్ ఫిల్మ్ ఉండాలి కాబట్టి అది మామూలే, కానీ ముందుకీ వెనక్కీ లాగితే కదలిక చేతికి తెలుస్తోందంటే షాఫ్ట్ అలా జరగకుండా ఆపే థ్రస్ట్ బేరింగ్ పోయినట్టు, ఇక వీల్ అంచులు హౌసింగ్‌కి రాసుకున్న గీతలు కనబడితే రీబిల్డ్ కిట్‌తో సరిపోదు, కోర్ (షాఫ్ట్, వీల్స్, బేరింగులు ఉండే మధ్య భాగం) మొత్తం మార్చాలి. బ్యాలెన్సింగ్ మెషిన్ లేని షాపులో మాత్రం చేయించొద్దు, ఇది నిమిషానికి లక్షన్నర, రెండు లక్షల చుట్లు తిరిగే వస్తువు. ఆయిల్ వచ్చే సన్న పైపుని కడిగి వాడకండి, లోపల మాడి గట్టిపడిన ఆయిల్ పూర్తిగా పోదు, కొత్తది వేయండి. నీలం పొగ వస్తే వెంటనే టర్బో మీద నెపం వేయొద్దు, ఇంజన్ లోపలి గాలి బయటికి పోయే బ్రీదర్ మూసుకుపోయినా, ఆయిల్ కిందికి దిగే పైపు నలిగినా అదే పొగ వస్తుంది. బిగించాక మొదటిసారి స్టార్ట్ చేసేముందు ఇంజన్ అందుకోకుండా కాసేపు క్రాంక్ చేసి ఆయిల్ ఎక్కనివ్వండి. బిల్లు మీద టర్బో పార్ట్ నంబరు రాయించుకోండి, రేపు ఎవరైనా అడిగితే కంపెనీ పార్టే అని చూపించడానికి అదే ఆధారం.

బూస్ట్ గురించి ఒక మాట, బెంగళూరు సముద్రమట్టానికి దాదాపు 920 మీటర్ల ఎత్తులో ఉంది, ఇక్కడ గాలి ఒత్తిడి 0.91 బార్ దగ్గర ఉంటుంది. చెన్నైలో 1 బార్ బూస్ట్ అంటే ప్రెషర్ రేషియో (టర్బో నుంచి వచ్చే గాలి ఒత్తిడి, లోపలికి వెళ్ళే గాలి ఒత్తిడికి ఎన్ని రెట్లు అన్నది) దాదాపు 2, ఇక్కడ అదే 1 బార్ గేజ్‌లో చూపించాలంటే 2.1 కావాలి, అంటే టర్బో ఇంకా ఎక్కువ స్పీడ్‌లో తిరగాలి. చెన్నై ఫ్రెండ్ కారులో బాగా ఆడుతున్న ఇంజన్ కంప్యూటర్ ట్యూనింగ్ మ్యాప్‌ని తెచ్చి మనదాంట్లో వేస్తే చిన్న టర్బో ఓవర్ స్పీడ్ అయ్యే ప్రమాదం ఉంది. కంప్రెసర్ మ్యాప్ (టర్బో ఎంత ఒత్తిడికి, ఎంత గాలికి పనికొస్తుందో చూపించే గ్రాఫ్) చూసేటప్పుడు మన ఊరి గాలి ఒత్తిడితోనే లెక్క వేయండి.

ఇక టర్బో లేని పెట్రోల్ కారుకి బయట కిట్ పెట్టడం, వేరే మోడల్ ఇంజన్ టర్బోతో సహా దించడం, వీటికి అప్లికేషన్ పెట్టి రెగ్యులర్ చేయించుకునే దారి లేదు. ఏజెంట్ ఎవరైనా చేయించి పెడతా అంటే డబ్బులు ఇవ్వకండి. అలాంటి కారు ట్రాక్ కోసమే అయితే ట్రైలర్ మీద శ్రీపెరంబుదూరు దగ్గరి ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కి తీసుకెళ్ళండి, పోటీల్లో దిగాలంటే దేశంలో మోటార్ రేసింగ్ నడిపే సంఘం ఎఫ్‌ఎంఎస్‌సీఐ లైసెన్స్ తీసుకోండి, రోడ్డు మీద మాత్రం తిప్పొద్దు.

అప్లికేషన్ నిజంగా కావాల్సింది ఇంజన్ మార్చినప్పుడు. టర్బో వీల్ ముక్క విరిగి లోపలికి పోయి ఇంజన్ పాడైతే అదే కంపెనీ, అదే టైప్ ఇంజన్ వేసుకోవచ్చు, దానికి పర్మిషన్ తీసుకుని కొత్త ఇంజన్ నంబరు ఆర్సీలో ఎక్కించాలి. సీసీ ఒకటే కదా అని అనుకోకండి, 1248 సీసీ డీజిల్‌లోనే 75 పీఎస్‌ది మామూలు టర్బోతో వచ్చింది, 90 పీఎస్‌ది వీజీటీతో (లోపలి రెక్కల కోణం మారే టర్బోతో) వచ్చింది, సీసీ కలిసినా టైప్ కలవదు. డీలర్ దగ్గర ఇంజన్ టైప్ కలుస్తుందని ఒక లెటర్ తీసుకుంటే పని తేలిక అవుతుంది.

ఇంజన్ కొనేటప్పుడే కాగితాలు సరిగా చూసుకోండి. కొత్తదైతే ఇంజన్ నంబరు ఉన్న జీఎస్టీ బిల్లు చాలు. శివాజీనగర్ గుజిరీ (పాత పార్టుల బజారు)లోనో జేసీ రోడ్డులోనో పాతది కొంటుంటే అది ఏ బండిలోంచి తీశారో, ఆ బండి ఆర్సీ క్యాన్సిల్ అయిన కాగితం ఉందో లేదో అడగండి, లేదంటే ఎంత చౌకైనా వదిలేయండి. ఇంజన్ నంబరు దొంగ బండిది కాదని డిజిటల్ పోలీస్ పోర్టల్‌లో రిపోర్ట్ తీసుకుని ప్రింట్ పెట్టుకోండి. బండి మీద లోన్ ఉంటే బ్యాంకు రాసిచ్చిన ఒప్పుదల లెటర్ లేకుండా ముందుకు వెళ్ళకండి.

తర్వాత పరివాహన్ సైట్‌లో వాహన సేవల్లోకి వెళ్ళి కర్ణాటక ఎంచుకుని, బండి నంబరు, ఛాసిస్ నంబరులో చివరి 5 అంకెలు కొట్టి, మొబైల్‌కి వచ్చే ఓటీపీతో లోపలికి వెళ్ళండి. మొబైల్ నంబరు పాతదైతే ముందు అది అప్‌డేట్ చేసుకోవాలి, లేకపోతే అక్కడే ఆగిపోతారు. ఆల్టరేషన్ సర్వీస్ ఎంచుకుని వివరాలు నింపి, కాగితాలు అప్‌లోడ్ చేసి, ఫీజు కట్టి రసీదు తీసుకోండి. ఆర్సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్, ఆధార్, ఇంజన్ బిల్లు, ఛాసిస్ నంబరు పెన్సిల్ ప్రింట్ (నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్ రుద్ది తీసిన అచ్చు), అన్నీ ఒరిజినల్స్‌తో ఒక ఫైల్లో పెట్టుకుని మీ బండి ఉన్న ఆర్టీఓకే వెళ్ళాలి, కేఏ 51 అయితే ఎలక్ట్రానిక్ సిటీ, కేఏ 53 అయితే కేఆర్ పురం. ఇన్‌స్పెక్టర్ బానెట్ ఎత్తి ఇంజన్ బ్లాక్ మీద కొట్టిన నంబరు చదువుతారు, అందుకని ముందురోజే ఆ చోటు డీజిల్‌తో తుడిచి శుభ్రం చేయండి, జిడ్డు పట్టి అంకె కనబడకపోతే ఇంకోసారి తిరగాల్సి వస్తుంది. ఇంజన్ మార్చాక 14 రోజుల్లోపు ఆర్టీఓకి తెలియజేయాలని సెక్షన్ 52లోనే ఉంది, ఆ గడువు దాటనివ్వకండి.

ఏపీ, టీఎస్ (కొత్తవైతే టీజీ) నంబరు బండ్లతో ఉన్నవాళ్ళు, ఇక్కడ 12 నెలలు దాటితే ఎలాగూ నంబరు మార్చుకోవాలి కాబట్టి ముందు ఊళ్ళో ఫారం 28 మీద ఎన్‌ఓసీ తెచ్చుకుని, ఇక్కడ లైఫ్ టాక్స్ కట్టి, ఫారం 27తో కేఏ నంబరు తీసుకుని, ఆ తర్వాతే ఇంజన్ పని పెట్టుకోండి. ఎన్‌ఓసీలో పాత ఇంజన్ నంబరు, బండిలో కొత్తది ఉంటే రెండు ఆఫీసుల మధ్య నలిగిపోతారు. పాత రాష్ట్రంలో కట్టిన టాక్స్‌లో మిగిలిన కాలానికి రీఫండ్ అక్కడే అడగాలి.

అప్లికేషన్ నంబరుతో స్టేటస్ పరివాహన్‌లోనే కనబడుతుంది. కొత్త ఆర్సీ చేతికి రాగానే ఇంజన్ నంబరు అంకె అంకె సరిచూసుకుని, దాని కాపీ ఇన్సూరెన్స్ కంపెనీకి పంపి పాలసీలో కూడా మార్పించుకోండి, పాలసీలో పాత నంబరే ఉంటే క్లెయిమ్ అప్పుడు మొదటి ప్రశ్న అక్కడే వేస్తారు.