అమ్మానాన్నలతో డిస్నీ వరల్డ్‌కా? ముందు ఇవి చూసుకోండి

సమ్మర్‌లో ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్లనీ, పిల్లల్నీ వెంటేసుకుని ఓర్లాండో బయల్దేరేవాళ్లకి.

టికెట్లు తేదీల ప్రకారం ఇస్తారు, కొన్నాక డబ్బు వెనక్కి రాదు. పెద్దవాళ్ల ఫ్లైటు, మీ లీవు రెండూ ఖాయమయ్యాకే కొనండి. వాళ్లు దిగిన మర్నాడే పార్కు పెట్టుకోకండి, జెట్‌లాగ్‌తో మా నాన్న మధ్యాహ్నం రెండింటికల్లా బెంచీ మీదే గుర్రుపెట్టారు.

పదేళ్లు నిండితే పెద్దల టికెట్టే, మూడేళ్ల లోపు ఫ్రీ. పుట్టినరోజు దగ్గరపడుతుంటే లెక్క చూసుకోండి.

పిల్లల ఎత్తు ఇంట్లోనే కొలవండి. స్పేస్ మౌంటెన్ రైడ్‌కి 44 అంగుళాలు ఉండాలి, సెవెన్ డ్వార్ఫ్స్ రైడ్‌కి 38. గంటసేపు క్యూలో నిలబెట్టి చివర్లో కుదరదంటే ఆ ఏడుపు ఆపడం ఎవరి తరమూ కాదు.

లైట్నింగ్ లేన్ మల్టీ పాస్ (విడిగా డబ్బు కట్టి రైడ్లకి చిన్న క్యూలో వెళ్లే పాస్) బుకింగ్ డిస్నీ హోటల్లో దిగేవాళ్లకి 7 రోజుల ముందు, బయట ఉండేవాళ్లకి 3 రోజుల ముందు తెరుస్తారు. పొద్దున్నే 7కి ఫోన్ పట్టుకుని రెడీగా ఉండాలి.

డిస్నీ వరల్డ్‌లో ఉన్న నాలుగు పార్కులూ వరసగా వద్దు, మోకాళ్లు ఊరుకోవు. మధ్యలో ఒకరోజు పూల్ దగ్గర గడిపేయండి.

వేసవిలో మధ్యాహ్నాలు ఉరుములతో వాన మామూలే, రెయిన్‌కోట్లు ఇంటి నుంచే తెచ్చుకోండి.

పులిహోర, పెరుగన్నం లోపలికి తీసుకెళ్లొచ్చు. గాజు సీసాలు మాత్రం రానివ్వరు, ఆవకాయ ప్లాస్టిక్ డబ్బాలోకి మార్చండి.