ఇంట్లోంచి మనిషిని ఠాణాకు తీసుకపోతే ఆ 24 గంటల్లో ఏం చేయాలి?

రాత్రి వరంగల్ కాశిబుగ్గలోనో, పరకాల దగ్గర ఊర్లోనో పోలీసులు తలుపు కొట్టి "చిన్న ఎంక్వైరీ, పొద్దున పంపిస్తం" అని మనిషిని తీసుకపోతే, పొద్దుందాకా చూద్దామని ఇంటివాళ్లు ఊరుకోవద్దు. 24 గంటల్లోగా మేజిస్ట్రేట్ ముందు హాజరుపరచాలని రాజ్యాంగం 22వ అధికరణం చెప్తోంది. ప్రయాణానికి పట్టే సమయం ఒక్కటే ఇందులోంచి మినహాయింపు. ఈ లెక్క కాగితాల మీద అరెస్టు చూపిన టైం నుంచి కాదు, మనిషిని పట్టుకున్న టైం నుంచే మొదలవుతుందని తెలంగాణ హైకోర్టు 2024లో తేల్చింది.

కాబట్టి ముందుగా టైం రాసుకోండి. బండి నంబరు, వచ్చినవాళ్ల పేర్లు, ఏ ఠాణాకో కూడా రాయండి. వెంటనే 100కు ఫోన్ చేసి చెప్పండి. ఆ కాల్ టైం మీ ఫోన్లో సాక్ష్యంగా ఉంటుంది.

తర్వాత అడగాల్సింది: ఇది నోటీసా, అరెస్టా? ఏడేళ్ల దాకా శిక్ష పడే కేసుల్లో చాలావాటికి అరెస్టు అక్కర్లేదు, బీఎన్‌ఎస్‌ఎస్ (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 35(3) కింద నోటీసిస్తే చాలు. నోటీసిస్తే మాత్రం చెప్పిన రోజు తప్పక పోవాలి. పోకపోతే అదే అరెస్టుకు కారణమవుతుంది.

అరెస్టే అయితే పోలీసులు మెమో, అంటే అరెస్టు వివరాలు, టైం ఉండే కాగితం రాయాలి. దాని మీద ఇంటివాళ్లలో ఒకరో, వాడకట్టు పెద్దమనిషో సాక్షి సంతకం పెట్టాలి. ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. తీసుకపోయింది నిన్న రాత్రి, మెమోలో ఈరోజు సాయంత్రం అని ఉంటుంది. చూడకుండా సంతకం చేస్తే ఆ రాత్రంతా లెక్కలోంచి పోతుంది. టైం తప్పుంటే సంతకం పక్కనే అసలు టైం రాయండి. ఖాళీ కాగితం మీద ఎవరూ సంతకం పెట్టొద్దు. అరెస్టుకు కారణాలేంటో అర్థమయ్యే భాషలో రాసిమ్మని అడగండి.

ఆడవాళ్లనైతే పొద్దుగూకినంక, తెల్లవారకముందు అరెస్టు చేయకూడదు. తప్పనిసరైతే మహిళా అధికారి రాతపూర్వకంగా మేజిస్ట్రేట్ అనుమతి తీసుకోవాలి.

వకీలుకు పైసల్లేవని ఆగొద్దు. కస్టడీలో ఉన్నవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత వకీలు హక్కు. న్యాయసేవల హెల్ప్‌లైన్ 15100కు ఫోన్ చేయండి, లేదా హన్మకొండ కోర్టు ఆవరణలోని జిల్లా న్యాయసేవాధికార సంస్థకు పోండి.

అరెస్టయినంక వైద్య పరీక్ష చేయించాలి, ఆ రిపోర్టు కాపీ మీకివ్వాలి. కొట్టి ఉంటే డాక్టరుకూ, మేజిస్ట్రేట్‌కూ నోరు తెరిచి చెప్పాలి. పక్కన పోలీసులున్నారని భయపడి చాలామంది "ఏం లేదు సార్" అంటారు. ఆ మాట రికార్డులోకెక్కితే తర్వాత తిప్పడం చాలా కష్టం.

పీడీ యాక్ట్ (ముందుజాగ్రత్తగా నిర్బంధించే చట్టం) కింద పట్టుకుంటే ఈ 24 గంటల నియమం వర్తించదు. ఆ దారి వేరు, వెంటనే వకీలును కలవాలి.

24 గంటలు దాటినా ఆచూకీ లేదా? హైదరాబాద్‌లోని హైకోర్టులో 226వ అధికరణం కింద హెబియస్ కార్పస్ పిటిషన్ (మనిషిని కోర్టు ముందు హాజరుపరచమని అడిగేది) వేయించండి. భార్య, తల్లిదండ్రులు, దోస్తులు ఎవరైనా వేయొచ్చు. మీరు రాసుకున్న టైం, 100కు చేసిన కాల్ స్క్రీన్‌షాట్, ఇంటి ముందు సీసీ కెమెరా ఉంటే ఆ ఫుటేజీ వకీలు చేతికివ్వండి. ఫుటేజీ కొన్ని రోజులకే చెరిగిపోతుంది, మొదటిరోజే పెన్‌డ్రైవ్‌లోకి తీయించుకోండి.