వాగులో చన్నీటి చేపల నెలవులను థర్మామీటరుతో గుర్తించడం ఎలా

ట్రౌట్ వంటి చన్నీటి చేపలు ఒక వాగులో ఎక్కడ తలదాచుకుంటాయో తెలుసుకోవాలంటే, వేసవిలో ఎండ బాగా కాసిన రోజున, మధ్యాహ్నం మూడు నుంచి ఐదు గంటల మధ్య నీటి ఉష్ణోగ్రతను కొలవాలి. నీరు బాగా వేడెక్కేది సాధారణంగా ఆ వేళలోనే కనుక, ఉదయపు కొలత ఎంత చల్లగా ఉన్నా దానిని నమ్మి నిర్ణయానికి రాకూడదు.

నీరు వేడెక్కినకొద్దీ చేపకు ఆక్సిజన్ అవసరం పెరుగుతుంది, నీటిలో కరిగే ఆక్సిజన్ మాత్రం తగ్గుతుంది. సముద్రమట్టం వద్ద 10 డిగ్రీల సెల్సియస్ మంచినీటిలో లీటరుకు సుమారు 11.3 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరగగలిగితే, 20 డిగ్రీల వద్ద 9.1 మిల్లీగ్రాములే కరుగుతుంది. రెయిన్‌బో ట్రౌట్‌కు 12 నుంచి 18 డిగ్రీలు అనువైనవి. 20 దాటితే ఇబ్బంది మొదలై, 25 దరిదాపులకు చేరేసరికి ప్రాణం మీదికి వస్తుంది. బుల్ ట్రౌట్ ఇంకా సున్నితమైనది, వేసవిలో 15 డిగ్రీలు మించే చోట అరుదుగా కనిపిస్తుంది.

ముందుగా థర్మామీటరును మంచుముక్కలు నిండిన నీటిలో ఉంచి, అది సున్నా చూపుతోందో లేదో సరిచూసుకోవాలి. తరువాత వాగు నడిమి ప్రవాహంలో, ఎండ నేరుగా తగలకుండా, రెండు నిమిషాలు ముంచి, నీటిలో ఉండగానే అంకెను చదవాలి. ఆ అంకెను గుర్తుంచుకుని గట్టు వెంట నడుస్తూ, ఉపవాగు వచ్చి కలిసే చోట, గులకరాళ్ల మేట దిగువ అంచున, గట్టు మొదట్లో చెట్ల వేళ్ల కింద మళ్లీ మళ్లీ కొలవాలి. లోతైన మడుగులన్నీ చల్లగానే ఉంటాయని చాలామంది అనుకుంటారు గాని, ప్రవాహం బాగా కలియబెట్టే చోట పైనీటికీ అడుగునీటికీ తేడా దాదాపు ఉండదు. అసలు చూడవలసినది ఊటలను. అడుగున ఇసుక సన్నగా, ఆగకుండా కదులుతున్న చోట కొలిస్తే, రెండడుగుల దూరంలోనే అంకె చాలా డిగ్రీలు పడిపోవచ్చు.

భూగర్భజలం ఉష్ణోగ్రత ఏడాది పొడవునా పెద్దగా మారదు కనుక, శీతకాలంలో ఊట దగ్గరి నీరే వాగుకంటే వెచ్చగా ఉంటుంది. బ్రూక్ ట్రౌట్ గుడ్లు పెట్టడానికి తరచు అటువంటి చోటునే ఎంచుకుంటుంది. అందువల్ల అవే చోట్లను శీతకాలంలో కూడా కొలవడం మంచిది.

ఎండవేళ ఊట దగ్గర గుమిగూడిన చేపలను బెదరగొడితే అవి వేడినీటిలోకి పారిపోవలసి వస్తుంది. కాబట్టి నీటిలోకి దిగకుండా, థర్మామీటరును పొడవాటి కర్రకు కట్టి గట్టు మీది నుంచే కొలవాలి.