కులం, మనోగాయం మీద పీహెచ్‌డీ చేద్దామనుకుంటున్నారా? జేఆర్‌ఎఫ్‌కి దరఖాస్తు ఇలా

సైకాలజీలో ఎంఏనో ఎంఎస్సీనో పూర్తి చేసి, కోనసీమలోనో భీమవరం, నరసాపురం వైపో కులం మనసుకి చేసే గాయం, దాన్నుంచి జనం కోలుకునే తీరు మీద పరిశోధన చేద్దామనుకునేవాళ్లకి ముందు డబ్బు సంగతి చెప్పాలి. యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) ఇచ్చే జేఆర్‌ఎఫ్, అంటే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్, 2023 జనవరి నుంచి నెలకి 37,000 రూపాయలు. రెండేళ్లయ్యాక కమిటీ మీ పని చూసి సరేనంటే 42,000. హాస్టల్లో ఉండకపోతే ఇంటి అద్దె భత్యం అదనం. మొత్తం గరిష్ఠంగా ఐదేళ్లు.

దీనికి దారి యూజీసీ నెట్ అనే జాతీయ అర్హత పరీక్ష, జూన్‌లో ఒకటి, డిసెంబర్‌లో ఒకటి. సైకాలజీ కోడ్ 04. పీజీలో జనరల్ వాళ్లకి 55 శాతం, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ నాన్ క్రీమీలేయర్, దివ్యాంగులకి 50 శాతం ఉండాలి. జేఆర్‌ఎఫ్‌కి వయసు 30, ఆ వర్గాలకీ ఆడవాళ్లకీ ఐదేళ్ల సడలింపు. నెగెటివ్ మార్కులు లేవు కాబట్టి ఏ ప్రశ్నా వదలొద్దు. పేపరు ఇంగ్లీషు, హిందీల్లోనే వస్తుంది, తెలుగు మీడియం వాళ్లు ఆ సంగతి గుర్తుపెట్టుకుని చదవాలి.

అయితే ఫారం తెరవకముందే కుల ధ్రువపత్రం సరిచూసుకోండి, డెల్టాలో అసలు చిక్కు ఇక్కడే. మన దగ్గర ఒకే ఇంట్లో అన్నకి ఎస్సీ అని, చెల్లికి బీసీ-సి అని ఉండటం చూస్తుంటాం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధ మతాల వాళ్లకే ఎస్సీ హోదా, క్రైస్తవంలోకి మారిన దళితులు రాష్ట్రంలో బీసీ-సి. కులం మీద పరిశోధనకి వచ్చినవాళ్లకి ఈ కాగితమే మొదటి పాఠం అనిపిస్తుంది నాకు. నెట్ ఫారంలో చెల్లేది కేంద్రం జాబితా, అందుకని ఓబీసీ కింద పెట్టేవాళ్లు కేంద్ర ప్రభుత్వ ఫార్మాట్‌లో నాన్ క్రీమీలేయర్ పత్రం సచివాలయంలోనో మీసేవలోనో ముందే అడగండి, చివరి వారంలో తహసీల్దార్ సంతకం కోసం తిరిగితే టెన్షన్ తప్ప ఏమీ మిగలదు. పేరు, పుట్టిన తేదీ పదో తరగతి మెమోలో ఉన్నట్టే కొట్టాలి.

జేఆర్‌ఎఫ్ వస్తే పీహెచ్‌డీ సీటుకి ఇంటర్వ్యూ చాలు. రాకపోయినా, పీహెచ్‌డీ అడ్మిషన్ వరకు అర్హత వస్తే నెట్ మార్కులకి 70 శాతం, ఇంటర్వ్యూకి 30 శాతం వెయిటేజీ, ఆ స్కోరు ఏడాదే చెల్లుతుంది.

పరిశోధన ప్రపోజల్ దగ్గర చాలామంది భయపడి కులం అన్న మాట తీసేసి 'సామాజిక ఒత్తిడి' అని రాస్తారు. అలా రాయొద్దు. అమెరికాలో కెన్నెత్, మేమీ క్లార్క్ అనే సైకాలజిస్టు దంపతులు 1940ల్లో బొమ్మలతో చేసిన అధ్యయనాలు నల్లజాతి పిల్లల మీద వేర్పాటు (తెల్లవాళ్ల నుంచి విడిగా ఉంచడం) ప్రభావాన్ని నేరుగా అడిగాయి, 1954లో బడుల్లో వేర్పాటు చెల్లదన్న సుప్రీంకోర్టు తీర్పులో ప్రస్తావనకీ వచ్చాయి. మీరూ సూటిగా అడగండి. 2022 మే 24న కోనసీమ జిల్లాకి అంబేడ్కర్ పేరు పెట్టడం మీద గొడవలో అమలాపురంలో ఇళ్లు తగలబడ్డాయి కదా, అక్కడి మనుషులు ఇప్పుడు ఒకే సంతలో ఎలా మాట్లాడుకుంటున్నారు, బాధ ఎవరితో చెప్పుకుంటున్నారు, పాస్టర్‌తోనా, తాయెత్తు కట్టేవాళ్లతోనా, ఆర్‌ఎంపీతోనా? ఇలాంటి ప్రశ్నకి గైడ్ కూడా ఆసక్తి చూపిస్తారు. కేసుల్లో ఉన్నవాళ్లతో మాట్లాడాలంటే మాత్రం యూనివర్సిటీ ఎథిక్స్ కమిటీ అనుమతి ముందు, పల్లెకి వెళ్లడం తర్వాత. సమ్మతి పత్రం తెలుగులో ఉండాలి, మాట్లాడుతూ ఎవరైనా కుంగిపోతే ఎక్కడికి పంపుతారో అందులో రాయండి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416 అయినా పెట్టండి.

చేరాక జాయినింగ్ రిపోర్టు ఇచ్చి, కెనరా బ్యాంకు స్కాలర్‌షిప్ పోర్టల్‌లో యూనివర్సిటీ చేత వివరాలు ఎక్కించుకోవాలి. ప్రతి నెలా యూనివర్సిటీ వాళ్లు అందులో కన్ఫర్మ్ చేస్తేనే డబ్బు పడుతుంది, వాళ్లు మర్చిపోతే ఆ నెల ఆగిపోతుంది. కాబట్టి నెలాఖరున ఆ సెక్షన్ గుమాస్తా గారికి మొహమాటపడకుండా ఒకసారి ఫోన్ చేయండి.