మైక్రోవేవ్ ఓవెన్ తిరుగుతోంది, వేడెక్కడం లేదా?

లైటు వెలిగి, ప్లేటు తిరుగుతున్నా అన్నం చల్లగానే ఉంటే, ముందు కప్పు నీళ్లు పెట్టి ఫుల్ పవర్‌లో 2 నిమిషాలు నడపండి. అయినా వేడెక్కకపోతే శబ్దం గమనించండి. మామూలుకన్నా గట్టిగా గుయ్యిమంటుంటే డయోడో, కెపాసిటరో (కరెంటు దాచుకునే భాగం), మాగ్నెట్రానో (మైక్రోవేవ్‌లు పుట్టించి వేడి చేసే భాగం) షార్టయి ఉండొచ్చు.

మూత విప్పే ముందు ఒక్క మాట. ప్లగ్గు పీకినా కెపాసిటర్‌లో ప్రాణం తీసేంత కరెంటు నిలిచి ఉండొచ్చు, అది 2,000 వోల్టుల పైమాటే. దాన్ని డిశ్చార్జ్ చేయడం, అంటే ఆ కరెంటు ఖాళీ చేయడం, చేతకాకపోతే దయచేసి విప్పకండి, మెకానిక్‌ని పిలవండి.

చేతనైనవాళ్లు డిశ్చార్జ్ చేశాక, వైర్లు ఊడదీసి మల్టీమీటర్‌తో చూడాలి. మాగ్నెట్రాన్ రెండు పిన్నుల మధ్య 1 ఓమ్ లోపు రావాలి. పిన్నుకీ బాడీకీ మధ్య మీటర్ ఓపెన్ చూపించాలి, అంటే కరెంటుకి దారి లేనట్టు, రీడింగ్ ఏదైనా వస్తే అది పోయినట్టే. హైవోల్టేజ్ డయోడ్‌కి మామూలు మీటర్ చాలదు. అటూ ఇటూ ఓపెన్ చూపించినంత మాత్రాన పాడైందనుకోకండి, 9 వోల్టుల బ్యాటరీ సిరీస్‌లో పెట్టి చూడాలి. డోర్ స్విచ్‌లూ, హైవోల్టేజ్ ఫ్యూజు ఉంటే అదీ కూడా చూడండి.

మన వైజాగ్‌లో, ముఖ్యంగా బీచ్ రోడ్డు, లాసన్స్ బే వైపు ఇళ్లలో, ఉప్పుగాలికి టెర్మినల్స్ తుప్పు పడతాయి. మాగ్నెట్రాన్ పిన్ను దగ్గర క్లిప్పు వదులై నల్లగా మాడిందేమో చూడండి. పిన్ను బాగుంటే కొత్త క్లిప్పు బిగించి వేస్తే చాలు, ఖరీదైన మాగ్నెట్రాన్ మార్చనక్కర్లేదు.